కాలికి కట్టుకున్న టాంబరిన్

అమ్మాయీ,

నీ ఉత్తరం, కథ రెండూ అందాయి. ముందు ఒక సంగతి. నన్ను మేడమ్ అనకు, అత్తయ్యా అను చాలు. మీ అమ్మా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం.

కథ తిప్పి పంపుతూ ఎడిటరు "ఇందులో కొత్తేముంది?" అన్నాడనీ, రెండు రోజులు అన్నం సయించలేదనీ రాశావు. ఊడుపుల కథలు, నాయనమ్మల కథలు అందరూ రాసేశాక ఇక నా సొంతమనేది ఎక్కణ్ణించి తేను అని అడిగావు. ఈ నెలంతా నేనో ఆల్బమ్ పట్టుకుని వేలాడుతున్నాను. మా అబ్బాయి ఫోన్‌లో పెట్టిచ్చాడు. నీ ప్రశ్న చదవగానే అదే గుర్తొచ్చింది.

ఆల్బమ్ పేరు షీ-వుల్ఫ్. ఆడతోడేలు అన్నమాట. పాడిందీ, గిటారు వాయించిందీ, పాటలు చాలావరకు కట్టిందీ జెస్సీ మే హెంఫిల్. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలోనే ఉత్తరం వైపు ఉన్న మిట్ట ప్రాంతం ఆమెది. కోమో, సెనటోబియా అని చిన్న చిన్న ఊళ్ళు. 1923లో పుట్టింది. మెంఫిస్‌లో యూనివర్సిటీ పాఠాలు చెప్పే డేవిడ్ ఎవాన్స్ పూనుకుంటే 1981లో ఆ ఆల్బమ్ వచ్చింది. అదీ సొంత దేశంలో కాదు, ఫ్రాన్స్‌లో, వోగ్ అనే రికార్డుల కంపెనీ ద్వారా. అప్పటికి ఆమెకి అరవై దగ్గర పడుతున్నాయి. నీకు ఇరవై నాలుగని రాశావు కదూ.

ఇక ఆ సొంత పాటల్లో సొంతమెంతో చూద్దాం. వాళ్ళ తాత సిడ్ హెంఫిల్‌కి చూపు లేదు. ఫిడేలు, బాంజో, డ్రమ్ము, ఏది చేతికిస్తే అది వాయించేవాడు. జానపద పాటల కోసం ఊళ్ళు తిరిగిన అలన్ లోమాక్స్ 1942లో ఆయన్ని రికార్డు చేశాడు. పిన్నులూ పెద్దమ్మల వరసవాళ్ళూ గిటారు పట్టినవాళ్ళే, రోజా లీ హిల్ పాట కూడా రికార్డయింది. జెస్సీ మే చిన్నప్పుడే గిటారు నేర్చుకుంది, పిల్లనగ్రోవీ డ్రమ్ములూ కలిసిన ఊరి మేళంలో డ్రమ్ము కూడా కొట్టింది. వాళ్ళు పాడేది బ్లూస్, అమెరికా నల్లవాళ్ళ పాట. ఆ ప్రాంతం బ్లూస్‌లో గిటారు మీద కలిపి మోగించే స్వరాల గుత్తులు పెద్దగా మారవు. పాట ఒకే శ్రుతి పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఉంటుంది, మేళం వెనక నడుస్తున్నట్టే ఉంటుంది. అది ఆ పల్లెల సొత్తు. పోనీ తోడేలు? అదీ ఆమె కనిపెట్టింది కాదు. 1930లోనే తోడేలు ఊళ మీద బ్లూస్ రికార్డు ఉంది. ఆ తర్వాత హౌలిన్ వుల్ఫ్ అని పేరు పెట్టుకుని ఒక మహానుభావుడు దేశమంతా ఊళ పెట్టాడు.

అన్నీ ఎరువు సొమ్మే! అయినా రెండు నిమిషాలు వింటే ఇది ఇంకెవరి పాటా కాదని తెలిసిపోతుంది. అంతదాకా మగాళ్ళే పెట్టుకుంటూ వచ్చిన తోడేలు పేరుని ఈవిడ తనకి పెట్టుకుంది. ఇంకో పని కూడా చేసింది, నాకు అన్నిటికంటే అదే ఇష్టం. రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి. తాళానికి మనిషి కావాలి, పక్కన మనిషి లేడు. అందుకని టాంబరిన్ తెచ్చి కాలికి తగిలించుకుంది. టాంబరిన్ అంటే మన కంజీరకి అక్క లాంటిది, చుట్టూ బిళ్ళలుంటాయి. పాదం ఆడినప్పుడల్లా ఝల్లుమంటుంది. తాత మేళంలో పదిమంది చేసిన చప్పుడు ఒక్క మనిషి ఒంటిమీదికి వచ్చేసింది. కొత్తదనం కోసం చేసిన పని కాదనే నేననుకుంటాను. అవసరపడి చేసింది.

ఇప్పుడు నీ కథ. మూడో పేజీ. "నాయనమ్మ గుండెలో చెప్పలేనంత బాధ" అన్నావు. కింది పేరాలో ఆ బాధ ఎలాంటిదో చెప్పావు. దాని కిందది ఎందుకొచ్చిందో చెప్పావు. బ్లూస్‌లో మామూలుగా వాడే కట్టడం ఒకటుంది. మొదటి లైను పాడి, అదే మళ్ళీ పాడి, మూడో లైనుతో జవాబిస్తారు. నేనొకటి కట్టాను, పాటకి పనికిరాదులే, మచ్చుకి చూడు:

నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి, చాప చుట్టి నెత్తిన పెట్టుకున్నా
ఔను, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి, చాప చుట్టి నెత్తిన పెట్టుకున్నా
తాళం వేద్దామని వెనక్కి తిరిగితే, తలుపు లేదు

రెండోసారి పాడేటప్పుడు కొత్త సంగతేమీ చెప్పదు, వివరించదు. వినేవాడు ఆ నీళ్ళలో కాసేపు నిలబడతాడు, అంతే. మూడో లైను వచ్చేసరికి కాలు జారుతుంది. ఆ ప్రాంతంలో మొదటి లైన్లు చాలావరకు ఉమ్మడి సొత్తే, ఎవరు కావాలన్నా అందుకోవచ్చు. మన ఊడుపుల్లో ఒకామె అందుకున్న పదాన్ని పక్క చేలో వాళ్ళు ఎత్తుకుపోతే ఎవరూ తగువు పెట్టుకోరు కదా. నీ నాయనమ్మా, చేనూ, వానా మొదటి లైను. అవి అందరికీ ఉన్నవే, ఉండనీ. నువ్వు రెండో లైనులో వ్యాఖ్యానం మొదలుపెట్టావు, మూడోది అసలు రాయనేలేదు.

కాదు, రాశావు. రాసి ఎక్కడో దాచేశావు. అయిదో పేజీ అడుగున, బ్రాకెట్లో: బురద లాగేస్తుందని చేలో దిగేముందు నాయనమ్మ మట్టెలకి దారం చుట్టుకునేది. అమ్మాయీ, అది బ్రాకెట్లో పెట్టే మాటా? ఇన్ని ఊడుపుల కథలు చదివాను, ఆ దారం నేనెక్కడా చూడలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఏది పంపినా నీ పేరు రాసి, కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో. ఎలిజబెత్ కాటెన్ అని ఇంకో అమెరికా గాయని చిన్నప్పుడు కట్టిన ఫ్రైట్ ట్రైన్ పాట 1957లో ఇంగ్లండులో వేరేవాళ్ళ పేరు మీద హిట్టయింది. అప్పటికి ఈవిడ ఒకరింట్లో పనిమనిషి. పాట తనదనిపించుకోవడానికి నానా తంటాలు పడాల్సొచ్చింది. నా రెండో కథ కూడా ఒక వారపత్రికలో ఇంకెవరి పేరుతోనో పడింది. కాపీ లేదు, మా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

జెస్సీ మేకి 1993లో పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది, గిటారు వాయించడం అక్కడితో సరి. 2004లో ఒక భక్తి పాటల ఆల్బమ్ వచ్చింది. చుట్టూ గిటార్లు వేరేవాళ్ళవి. ఆవిడ పాడుతూ టాంబరిన్ వాయించింది. 2006లో పోయింది. రెండు ఆల్బమ్‌లూ వెంట వెంటనే విన్నాను. రెండోది వినడం కష్టమే, గొంతు బాగా అలిసిపోయింది. ఆ బిళ్ళల చప్పుడు దగ్గర మాత్రం ఆగిపోయాను.

కథ మళ్ళీ రాయి. మూడో పేజీ మొత్తం కొట్టెయ్. దారం ఏ రంగుదో మీ నాన్నని అడుగు, ఆయన చూసే ఉంటాడు. దసరాకి మీ ఊరు వస్తున్నాను, అప్పటికి పూర్తవకపోయినా ఉన్నంతవరకు చదివి వినిపిద్దువుగాని.

అత్తయ్య