మినియేచర్ వార్‌గేమ్ (చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) కంపెనీ మూతపడితే మన బొమ్మలు వృథా అవుతాయా?

అవవు, అమలాపురంలోనో భీమవరంలోనో మీ బల్ల మీదున్న సైన్యం మీదే, ఆటా ఆగదు. కొన్న బొమ్మలు, రూల్‌బుక్ మీ సొత్తు. అప్పులవాళ్లకు దక్కేది కంపెనీ ఆస్తులే. ఆట హక్కులు, బొమ్మల అచ్చులు కూడా వాటిలో భాగమే కాబట్టి, ఇంకొకరు కొనుక్కుని నడిపించొచ్చు. అమెరికాలో ఫాసా సంస్థ 2001లో మూతపడితే దాని రోబోల యుద్ధపు ఆట బాటిల్‌టెక్ హక్కులు విజ్‌కిడ్స్ అనే ఇంకో ఆటల కంపెనీకి వెళ్లాయి. ఆ ఆటకి ఇప్పటికీ కొత్త బొమ్మలు వస్తున్నాయి. అప్పట్లో సన్నకుంచెతో రంగులేసుకున్న బొటనవేలంత లోహపు రోబోలు ఈనాటికీ బరిలోకి దిగుతాయి.

కంపెనీకి నష్టాలనగానే మూసివేతే అనుకుని చాలామంది బొమ్మల్ని చవగ్గా అమ్మేస్తారు, అది తొందరపాటు. నిజంగా ఇబ్బంది ముందే డబ్బు కట్టి సరుకు అందనివాళ్లకే: కంపెనీ దివాలా తీస్తే, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకుల తర్వాతే వాళ్ల వంతు.