ముద్దబంతి దిండు: చేతిపని సందేహాలు

ప్రశ్న: గోనెగుడ్డ మీద బట్ట పేలికలు కొక్కెంతో లాగి పూల దిండు చేస్తారటండీ. నాకు మగ్గం పని వచ్చు. కొలతలతో చెప్పగలరా? (కావలి పాఠకురాలు)

జవాబు: మగ్గం పని వచ్చంటే సగం వచ్చినట్టే. దీన్ని రగ్ హుకింగ్ అంటారు. 19వ శతాబ్దంలో అమెరికా ఈశాన్య తీరంలో, కెనడా తూర్పు తీరంలో ఆడవాళ్లు పాత బట్టల్ని పేలికలు చేసి గోనెసంచుల మీద ఇలా తివాచీలు అల్లుకునేవాళ్లు. ఆ గోనెల్లో జనపనార చాలావరకు మన బెంగాల్‌దే.

14 అంగుళాల చదరం దిండుకు 22 అంగుళాల చదరం గుడ్డ తీసుకోండి. చుట్టూ మిగిలే 4 అంగుళాలు మగ్గానికి బిగించడానికి. అంగుళానికి 10, 12 పోగులుండే కొత్త గోనెగుడ్డ అయితేనే మంచిది. వసారాలో పడి ఉన్న పాత సంచి వద్దు. తడికీ ఎండకీ దాని నార పెళుసెక్కి ఉంటుంది, లాగేటప్పుడే పుటుక్కుమంటుంది. ఊలుతో చేసేటట్టయితే క్రాస్ స్టిచ్ మ్యాటీ గుడ్డ సరిపోతుంది. ఏ గుడ్డయినా ముందు అంచులు జిగ్‌జాగ్ కొట్టించండి.

పేలికలకు పాత టీషర్టులు బాగా పనికొస్తాయి. చంకల కింద నుంచి అడ్డంగా అరంగుళం వెడల్పున కత్తిరించి ఒక్కసారి లాగి వదిలితే తాడులా చుట్టుకుంటాయి. ఒక్కో పేలిక అడుగూ అడుగున్నర పొడవుంటే చాలు. నింపే చోటుకు నాలుగైదు రెట్లు బట్ట పడుతుంది, అందులో సగం పైగా నేపథ్యానికే పోతుంది. ఆ రంగు మాత్రం ముందే ఎక్కువ కత్తిరించి పెట్టుకోండి. మగ్గం సూది సన్నం, పేలిక దానికి ఆగదు. 4 లేక 5 మిల్లీమీటర్ల స్టీలు క్రోషా సూది వాడండి. గంటసేపు పట్టుకుంటే అరచెయ్యి నొప్పెడుతుంది కాబట్టి చెక్క పిడి వేయించుకోండి. ఉదయగిరి చెక్క గరిటెల పనివాళ్లకు అదేమంత పని కాదు.

హద్దు గీతకు స్కేలు పెట్టొద్దు. రెండు పోగుల మధ్య గాడిలో పెన్సిల్ మొన ఆనించి లాగితే అదే పోగు వెంట తిన్నగా పోతుంది. పువ్వును చెరగని మార్కరుతో గీయండి. మొదటిసారికి ముద్దబంతి మంచిది, రేకులు కాస్త వంకర పోయినా అందమే.

గుడ్డను డప్పులా బిగించండి. పేలికను ఎడమ చేత్తో గుడ్డ కింద పట్టుకుని, పైనుంచి కొక్కెం దించి ముందు కొసను అంగుళం మేర పైకి లాగాలి. తర్వాత పక్క రంధ్రాల్లోంచి అదే పేలికను మడతలుగా పైకి లాగుతూ పోవాలి. ఆ మడతలే లూపులు, ఒక్కోటి పావంగుళం ఎత్తు. పేలిక అయిపోతే దాని కొస కూడా పైకే రావాలి, కొత్తది అదే రంధ్రంలో మొదలవ్వాలి. కొసల్ని చివర్లో లూపుల ఎత్తుకు కత్తిరించండి. ముళ్లు వేయకూడదు. రేకు అంచును గీతకు లోపలివైపే లాగండి, బయట లాగితే పువ్వు ఉబ్బిపోతుంది. రేకు మొదట్లో ముదురు నారింజ, కొసకు పసుపు. నడిమధ్యన ఊలుతో అరంగుళం లూపులు లాగి తలలు కత్తిరిస్తే అచ్చం బంతి బొడ్డులా విచ్చుకుంటుంది. పువ్వు చుట్టూ నేపథ్యం రంగు ఒక వరస వేశాకే మిగతాది నింపండి. లేకపోతే రేకుల ఆకారం చెదురుతుంది.

ప్రశ్న: ఒక లూపు లాగితే వరసంతా ఊడొచ్చేస్తా ఉంది. ఎక్కడ తప్పు? (ఒంగోలు పాఠకురాలు)

జవాబు: మగ్గం గొలుసుకుట్టులో ఒక కుట్టు ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ ఆ పట్టు లేదు, లూపును నిలిపేది గుడ్డ పోగుల బిగువూ పక్క లూపుల ఒత్తిడీ. మీ గుడ్డ నేత వదులైనా ఊడుతుంది, పేలిక సన్నమైనా ఊడుతుంది. రెంటిలో పేలిక వెడల్పు పెంచడమే సులువు. ఊలయితే రెండు పోగులు కలిపి లాగండి.

ప్రశ్న: మగ్గం మీద బాగానే ఉంది. విప్పగానే గిన్నెలా వంగిపోయింది. (నెల్లూరు పాఠకురాలు)

జవాబు: ప్రతి రంధ్రంలోనూ లూపు లాగి ఉంటారు. కొత్తవాళ్లందరూ చేసేదే. సందు కనబడితే భయం! రెండు రంధ్రాల్లో లాగి ఒకటి వదలండి, వరసకూ వరసకూ మధ్య రెండు పోగులు వదలండి. పైన లూపులు విచ్చుకుని ఆ సందును కప్పేస్తాయి. వెనక్కి తిప్పి చూడండి, అక్కడక్కడా గుడ్డ కనబడాలి. ఇప్పుడు చేసినదాన్ని విప్పక్కర్లేదు. మరీ ఇరుకైన చోట నేపథ్యం వరసలు ఒకటి రెండు తీసేసి, తడిగుడ్డ పరిచి వెనకవైపు ఇస్త్రీ అద్దండి, రుద్దొద్దు. ఆక్రిలిక్ ఊలయితే ఇస్త్రీ పెట్టె దగ్గరికే రానివ్వకండి. నీళ్లు చిలకరించి, బల్ల మీద బోర్లా పరిచి, బరువు పెట్టి ఆరనివ్వండి.

ప్రశ్న: ఎర్ర పేలికల రంగు తెల్లవాటికి అంటింది. ఉప్పునీళ్లలో నానబెట్టాను కూడా. (పొదిలి పాఠకురాలు)

జవాబు: ఉప్పు, వెనిగర్ బజారు రంగుల్ని పట్టి ఉంచవు. కత్తిరించక ముందే వేడినీళ్లలో ఉతికి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. తడి తెల్లగుడ్డతో రుద్దినప్పుడు ఇంకా అంటితే ఆ బట్ట పక్కన పెట్టేయండి.

ప్రశ్న: వెనక జిప్పు కుట్టడం రాదు. వేరే దారి ఉందా? (ఆత్మకూరు పాఠకురాలు)

జవాబు: జిప్పు అక్కర్లేదు. లూపుల చుట్టూ అంగుళం ఉంచి గోనెగుడ్డ కత్తిరించి, అంచు మళ్లీ జిగ్‌జాగ్ కొట్టండి. వెనక్కి 16 అంగుళాల పొడవు, పదకొండున్నర వెడల్పున రెండు ముక్కలు తీసి, ఒక్కోదానికి ఒక పొడవు అంచు అంగుళం మడిచి కుట్టండి. మడిచిన అంచులు మధ్యలో 5 అంగుళాలు ఒకదానిమీద ఒకటి పడేలా పరిచి, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి చుట్టూ కుట్టి తిప్పేయండి. కుట్టు చివరి లూపు వరసను ఆనుకునే పడాలి. దానికి జిప్పులు కుట్టే సింగిల్ ఫుట్ కావాలి, మామూలు ఫుట్ లూపుల మీదికెక్కి పక్కకు జరుగుతుంది, తిప్పాక అంచున ఖాళీ గోనె కనబడుతుంది. లోపలికి 15 అంగుళాల దిండు పెట్టండి. బూరుగుదూది అయితే మూలలకు ముందు కూరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ముసురు కదా, ఆ రోజుల్లో దీన్ని గోడకు ఆనించి ఉంచకండి. గోనె చెమ్మ పీల్చి ముక్కవాసన వస్తుంది.