మాంటా రే అసలు ఏం తింటోంది?

ప్రశ్న: మాంటా రే చేపలు నోరు తెరిచి ఈదుతూ, నీటిని మొప్పల దగ్గర వడగట్టి ప్లాంక్టన్ (నీటిలో కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులు) తినడం వీడియోల్లో చూస్తూనే ఉన్నాం. అలాంటప్పుడు వాటి కండ తీసి రసాయన పరీక్షలు చేయడం ఎందుకు? చేపను చంపాల్సి వస్తుందా?

జవాబు: చంపక్కర్లేదు. ఒకప్పుడు వలల్లో పడి చనిపోయినవాటి పొట్ట కోసి చూసేవారు, దాంతో ఆఖరిసారి తిన్నదేంటో మాత్రమే తెలిసేది. ఇప్పుడు డైవర్ పొడవాటి కర్ర చివర బిగించిన మొనతో చిన్న కండ ముక్క తీస్తారు, చేప దాని దారిన అది పోతుంది.

ఇక ఎందుకు అంటే, మీరు చూసే వీడియోలన్నీ దాదాపు పగటిపూట, నీటి పైభాగంలో తీసినవి. రాత్రి మాంటా ఎక్కడ తింటోందో కెమెరాకు దొరకదు. కండకు మాత్రం తెలుసు, ఎందుకంటే తిన్నదాంతోనే కదా అది తయారైంది. నత్రజని, కార్బన్ లాంటి మూలకాల్లో బరువు తేడా ఉన్న రకాలుంటాయి, వాటినే ఐసోటోపులు అంటారు. నత్రజనిలో తేలికైనది బయటికి ఎక్కువగా పోయి, బరువైన నత్రజని-15 ఒంట్లో కాస్త ఎక్కువ మిగులుతుంది, అందుకే ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టుకూ దాని విలువ వెయ్యింటికి సుమారు 3 వంతులు పెరుగుతుంది. బరువైన కార్బన్ రకమైన కార్బన్-13 మెట్టు మెట్టుకూ అంతగా మారదు, కాబట్టి ఆ తిండికి మూలం ఏ నీళ్లలో ఉందో చెప్పడానికి అది పనికొస్తుంది.

ఈక్వెడార్ దగ్గర జెయింట్ మాంటా అనే జాతి చేపల కండను ఇలాగే పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పైన దొరికే ప్లాంక్టన్ వాటా సగటున 27 శాతమేనట! మిగతా 73 శాతం 200 నుంచి 1000 మీటర్ల లోతులో బతికే జీవుల నుంచి వచ్చిందని లెక్క తేలింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద సంగతి, ఎందుకంటే తీరం పక్కన అవి గుమిగూడే చోట్లను మాత్రమే కాపాడితే వాటి తిండిలో ఎక్కువ భాగం మన రక్షణకు బయటే ఉండిపోతుంది.

అయితే ఈ పరీక్ష మెనూ ఇవ్వదు. కండ నెమ్మదిగా మారుతుంది, కాబట్టి అందులో కనిపించేది నెలల తరబడి తిన్నదాని సగటు. రెండు రకాల ఎరల్లో ఐసోటోపులు ఒకేలా ఉంటే వాటిని విడదీయలేం. అలాంటప్పుడు కొవ్వు ఆమ్లాలు సాయపడతాయి, వాటిలో కొన్నింటిని జంతువు సొంతంగా పెద్దగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. తూర్పు ఆస్ట్రేలియా వైపు రీఫ్ మాంటా అనే మరో జాతిలో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించింది, దాంతో అవి సముద్రపు అడుగున ఉండే ప్లాంక్టన్ కూడా తింటున్నాయేమోనన్న అనుమానం వచ్చింది.

ఇంకో చిక్కు యూరియా. సొరలూ రేలూ దాన్ని ఒంట్లోనే నిలుపుకుంటాయి, అందులో తేలికైన నత్రజని ఎక్కువ. ముక్కను నీళ్లతో బాగా కడిగి యూరియా తీసేయకపోతే నత్రజని-15 తక్కువగా కనిపించి, చేప తన అసలు మెట్టుకన్నా కింద ఉన్నట్టు లెక్క వస్తుంది.