మెడికల్ షాపు లెక్కలు అప్లికేషన్‌లో రాయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, డే స్కాలర్. రెండో తరగతి నుంచి కూచిపూడి నేర్చుకుంది. జేఈఈ కోచింగ్ మొదలయ్యాక మాన్పించాం. ఇప్పుడేమో డిగ్రీకే అమెరికా వెళ్తానంటోంది. ఒక కన్సల్టెన్సీకి వెళ్తే మార్కులు చాలవు, ప్రొఫైల్ తయారు చేయాలన్నారు. ఎన్జీవో సర్టిఫికెట్, రీసెర్చ్ పేపర్, లీడర్‌షిప్ అన్నీ కలిపి రెండు లక్షల ప్యాకేజీ అట. అక్కడ ఎమ్మెస్ చేస్తున్న మా ఆడపడుచు కొడుకు అవేం అక్కర్లేదంటున్నాడు. సాయంత్రాలు మా మెడికల్ షాపులో వాళ్ల నాన్నకు లెక్కలు చూడటం తప్ప మా అమ్మాయికి వేరే యాక్టివిటీలు లేవు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ ఆడపడుచు గారి అబ్బాయి అబద్ధం చెప్పలేదమ్మా. తను వెళ్లిన దారి గురించి చెప్పాడు. ఎమ్మెస్‌కి చూసేది బీటెక్ మార్కులు, ప్రాజెక్టులు, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), రికమండేషన్ లెటర్లు. నాట్యం వచ్చా అని అక్కడ ఎవరూ అడగరు. మన ఊళ్లలో అమెరికా గురించి సలహా చెప్పేవాళ్లలో చాలామంది ఈ ఎమ్మెస్ దారిలో వెళ్లినవాళ్లే కాబట్టి డిగ్రీ అడ్మిషన్ కూడా అలాగే ఉంటుందనుకుంటారు. అది వేరే లెక్క.

ముందు ఇక్కడి సంగతి తేల్చేద్దాం. ఈఏపీసెట్, జేఈఈ, బిట్స్ పిలానీ వాళ్ల బిట్‌శాట్‌లో పిల్ల ఏం ఆడింది, ఏం పాడింది అన్నదానికి మార్కుల్లేవు. ర్యాంకో, స్కోరో ఉంటే సీటు, లేకపోతే లేదు. ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కోటాల్లాంటి చిన్న కిటికీలు ఉన్నాయి గానీ వాటికి ఆ సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. ఐఐటీ మద్రాస్ ఈమధ్య క్రీడలకు, తర్వాత కళలకు కూడా ప్రత్యేక సీట్లు పెట్టింది. ఒక్కో కోర్సులో రెండు, అందులో ఒకటి అమ్మాయిలకు. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రావాల్సిందే, కళలో కేంద్ర సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్ లాంటి జాతీయ స్థాయి గుర్తింపు ఉండాల్సిందే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. ఢిల్లీ యూనివర్సిటీలో మాత్రం శాస్త్రీయ నృత్యానికి ఈసీఏ (చదువేతర కళల) కోటా ఉంది. దాంట్లో సీయూఈటీ (కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) స్కోరుకు 25 శాతం, నాట్య ప్రదర్శనకు, సర్టిఫికెట్లకు కలిపి 75 శాతం వెయిటేజీ ఇస్తూ వచ్చారు. అమెరికా కుదరకపోతే ఈ దారి గుర్తుపెట్టుకోండి. ఏ సంవత్సరానికా సంవత్సరం బులెటిన్ చూసుకోవాలి.

ఇంగ్లండ్ వైపు చూసేవాళ్లకు ఒక్క మాట. అక్కడ అడిగేది మీరు చేరబోయే సబ్జెక్టు మీద బడి బయట ఏం చదివారు, ఏం చేశారని. మ్యాథ్స్ కోర్సుకు నాట్యం పెద్దగా పనికిరాదు.

ఇక అమెరికా. అక్కడ పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలావరకు కామన్ యాప్ అనే ఒకే ఆన్‌లైన్ అప్లికేషన్ తీసుకుంటాయి. అందులో యాక్టివిటీలకు పది గళ్లుంటాయి. ఒక్కోదానికి ఏ తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. 9వ తరగతి నుంచి 12 వరకే లెక్క. అంటే మీ అమ్మాయి రెండో తరగతిలో గజ్జె కట్టిందన్నది ముచ్చటే గానీ గడిలోకి రాదు. 9, 10 తరగతుల్లో నేర్చుకున్నది వస్తుంది. పదీ నింపాలన్న రూలు లేదు. ఎంఐటీ తన సొంత అప్లికేషన్‌లో అడిగేదే నాలుగు. గట్టివి నాలుగైదు ఉంటే చాలు, మిగతావి ఖాళీగా వదిలేయండి. పదో గడిలో 'బాలల దినోత్సవం వ్యాసరచనలో కన్సొలేషన్ బహుమతి' అని రాస్తే మొదటి గడి బలం కూడా తగ్గుతుంది.

ఆ గళ్ల జాబితాలో 'కుటుంబ బాధ్యతలు' అని ఒక రకం, 'ఉద్యోగం' అని ఇంకో రకం వాళ్లే పెట్టారు. అందుకే, వేరే ఏం లేదు అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగాను. మెడికల్ షాపులో రోజూ కూర్చునే పిల్లకు యాక్టివిటీ లేదని ఎవరన్నారు? మన ఇళ్లలో పని చేయడాన్ని చెప్పుకోవడానికి మొహమాటపడతాం, ఎక్కడో రెండు రోజులు మొక్కలు నాటి ఫొటో దిగితే మాత్రం ఫ్రేము కట్టిస్తాం. అప్లికేషన్ చదివేవాళ్లకు మొదటిదే ఎక్కువ చెబుతుంది.

ఎలా రాయాలన్నదే కష్టం. వివరణకు ఇచ్చేది 150 అక్షరాలు, అదీ ఖాళీలతో కలిపి. 'నాన్నగారికి వ్యాపారంలో సహాయం చేస్తూ బాధ్యతను, క్రమశిక్షణను నేర్చుకున్నాను' అని రాస్తే స్థలం అయిపోతుంది, విషయం ఉండదు. ఆమెను కూర్చోబెట్టి అడగండి. కౌంటర్ దగ్గర సరిగ్గా ఏం చేస్తున్నావు? రోజువారీ బిల్లులు కంప్యూటర్లో ఎక్కిస్తుందా? ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్ట్రిప్పులు ఏరి, డిస్ట్రిబ్యూటర్‌కి రిటర్న్ పంపే లిస్టు రాస్తుందా? ఎండాకాలంలో ఓఆర్‌ఎస్ ఎంత తెప్పించాలో పోయినేడు లెక్క చూసి చెబుతుందా? ఇందులో నిజంగా చేసేది ఏదైతే అది అంకెతో సహా రాయాలి. 'నెలకోసారి స్టాకు తనిఖీ, మూడు నెలల్లో గడువు తీరే మందుల పట్టిక తయారీ, డిస్ట్రిబ్యూటర్లకు రిటర్న్‌ల నమోదు.' ఇంగ్లిష్‌లో ఇది ఆ గడిలో పడుతుంది, చదివినవాళ్ల కళ్లకు షాపు కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: మందులు ఇవ్వడం ఫార్మసిస్టు పని, ఆమె చూసేది లెక్కలు. ఆ తేడా స్పష్టంగా ఉండాలి.

రేపు కంప్యూటర్ సైన్సుకో, స్టాటిస్టిక్సుకో అప్లై చేస్తే ఈ షాపు పని ఇంకా బాగా అతుకుతుంది. ఆ రిటర్న్‌ల పట్టికను ఎక్సెల్‌లో పెట్టి, ఏ కంపెనీ మందులు ఎక్కువ మిగిలిపోతున్నాయో ఆమె చూడగలిగితే అదే ప్రాజెక్టు. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. 650 పదాల్లోపు రాయాల్సిన ఎస్సే ఒకటి ఉంటుంది. దానికి సరుకు కూడా ఇక్కడే దొరకొచ్చు.

కూచిపూడి మళ్లీ మొదలుపెట్టించాలా? పెట్టించమంటాను, కానీ అప్లికేషన్ కోసమని చెప్పి కాదు. పిల్లకే ఇష్టం లేకపోతే వదిలేయండి, 9, 10 తరగతులది రాసుకోవచ్చు. ఇష్టం ఉంటే ఆదివారం ఒక్క పూట చాలు. గురువుగారు ఒప్పుకుంటే చిన్నపిల్లల బ్యాచ్‌కి అడుగులు, జతులు చెప్పించమనండి. పదిమందిలో ఒకరిగా స్టేజీ ఎక్కిన ఫొటోల కన్నా, ఆరుగురు పిల్లలకు తాళం తప్పకుండా నేర్పిన ఏడాది బరువుగా ఉంటుంది. అమెరికా కాలేజీలు కోరే 'లీడర్‌షిప్' అంటే ప్రెసిడెంట్ అనే బిరుదే కానక్కర్లేదు.

ఇక ఆ ప్యాకేజీ. వద్దు. డబ్బు దండగ అన్నది చిన్న సంగతి. అప్లికేషన్ చివర ఇందులోవన్నీ నిజాలేనని పిల్ల సంతకం చేస్తుంది. అబద్ధమని తేలితే సీటు ఇచ్చాక కూడా రద్దు చేస్తారు. 2019లో అమెరికాలోనే పెద్ద కేసు బయటపడింది. డబ్బున్న తల్లిదండ్రులు కొందరు, ఆడని ఆటల్లో పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి సీట్లు కొన్నారు. వాళ్లలో కొంతమంది జైలుకు వెళ్లారు. అప్పటి నుంచి ఇలాంటివి చూసే కళ్లు ఇంకా పదునెక్కాయి. అదీకాక ఇంటర్వ్యూలో ఆ రీసెర్చ్ పేపర్ గురించి రెండో ప్రశ్న వేస్తే చెప్పాల్సింది ఆమే. ఇంటర్ పిల్ల పేరుతో పేపర్ వేయిస్తామనేవాళ్లను ఒక్కటి అడగండి: ఇందులో మా అమ్మాయి రాసేది ఎంత?

ఇదంతా మార్కులు ఉంటేనే. అకడమిక్స్ బలంగా లేకపోతే పది గళ్లూ నింపినా పైకి లాగవు. అక్కడి ప్రవేశ పరీక్ష శాట్ సంగతి కూడా ఏ కాలేజీకి ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో చూడాలి. ఎంఐటీ లాంటివి తప్పనిసరి చేశాయి. మీకు అసలు టెన్షన్ క్యాలెండర్‌తో వస్తుంది. ముందస్తు అప్లికేషన్లకు గడువు చాలాచోట్ల నవంబర్ 1, మిగతావి జనవరి మొదట్లో. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలోనే, ఆ వెంటనే ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షలు. కాబట్టి ఎస్సేలు ఎండాకాలం సెలవుల్లోనే రాసి పెట్టుకోవాలి. రెండు పడవలూ ఎక్కొచ్చా అంటే, ఎక్కుతున్న పిల్లలున్నారు, అలసిపోతున్నారు కూడా. ఆ నిర్ణయం ఈ వేసవిలోపే ఇంట్లో కూర్చుని తీసుకోండి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పెద్ద ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. యాక్టివిటీలు సీటుకు సాయపడొచ్చు, ఫీజు వాటంతట అవి తగ్గించవు. ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం విదేశీ విద్యార్థుల విషయంలోనూ ఆర్థిక స్థితి చూడకుండా సీటు ఇచ్చి, అవసరం మేరకు సాయం చేస్తాయి. వాటిలో పోటీ ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. చాలా కాలేజీల్లో మాత్రం సాయం అడిగితే విదేశీ విద్యార్థికి సీటు అవకాశం తగ్గుతుంది. ఎంత పెట్టగలరో మీ ఇద్దరూ ముందే ఒక అంకె అనుకోండి, లిస్టు దాన్నిబట్టి తయారవుతుంది.

ఈ నెలలోనే చేయాల్సినవి రెండు. లెక్చరర్లలో మీ అమ్మాయిని బాగా ఎరిగినవారిని ఒకరిద్దరిని రికమండేషన్ కోసం అడిగి పెట్టుకోండి. మన కాలేజీల్లో లెటర్ అంటే 'సిన్సియర్, ఒబీడియంట్' అని నాలుగు లైన్లు వస్తాయి. అందుకని క్లాసులో ఆమె ఏం చేసింది, ఏ లెక్క వేరే పద్ధతిలో చేసి చూపించింది లాంటివి ఒక పేజీ రాసి వారికివ్వండి. రెండోది, 9వ తరగతి మార్కుల రికార్డు. అమెరికా కాలేజీలకు అప్పటి నుంచీ మార్కులు కావాలి. చాలా స్కూళ్లలో ప్రోగ్రెస్ కార్డు తప్ప వేరే కాగితం ఉండదు, వేసవి సెలవులు వస్తే ఆఫీసులో మనిషి కూడా ఉండరు. పాత స్కూలుకు వెళ్లి హెడ్మాస్టర్ సంతకం, స్టాంపుతో రెండు కాపీలు తెచ్చుకోండి.