ఫీడ్లు మొదలుపెడుతున్న చిట్టికి

చి. చిట్టికి,

ఫేస్‌బుక్ మానేసి, నచ్చిన బ్లాగులన్నీ ఫీడ్ రీడర్లో చదువుకుంటానన్నావట, మీ అమ్మ చెప్పింది. సంబరంగా ఉంది, వెనకాలే చిన్న దిగులూ పట్టుకుంది.

ఫీడంటే సైటు తన కొత్త టపాలని వరసగా పెట్టే ఫైలు; నచ్చిన సైట్ల ఫీడ్లన్నీ ఒకేచోట చూపించేది ఫీడ్ రీడర్. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి రీడర్లో ఖాతా తెరిచి, సైటు చిరునామా అతికించు. చాలావరకు ఫీడుని అదే వెతుక్కుంటుంది. దొరక్కపోతే వర్డ్‌ప్రెస్ సైటు చిరునామా చివర స్లాష్ ఫీడ్ అనీ, బ్లాగ్‌స్పాట్‌కైతే స్లాష్ ఫీడ్స్ స్లాష్ పోస్ట్స్ స్లాష్ డిఫాల్ట్ అనీ చేర్చు. బ్రౌజర్లో తెరిస్తే కోడు కనబడుతుంది. పాడైందనుకోకు తల్లీ, ఫీడంటే అదే.

థండర్‌బర్డ్‌లా నీ కంప్యూటర్లోనే నడిచే రీడరైతే తరచూ తెరవాలి, తెరిచి ఉన్నప్పుడే అది టపాలు తెచ్చుకుంటుంది. వర్డ్‌ప్రెస్ ఫీడులో మామూలుగా చివరి 10 టపాలే ఉంటాయి. పరీక్షలని నెల్లాళ్ళు మూసిపెట్టావనుకో, ఈలోగా 30 వస్తే 20 నీకు చేరవు.

ఇక నా అసలు భయం. గూగుల్ వాళ్ళ ఫీడ్ రీడర్, గూగుల్ రీడర్, 2005లో వచ్చి 2013 జూలై 1న మూతపడింది. మార్చిలోనే చెప్పారు, చదివే బ్లాగుల జాబితా దించుకోవడానికి జూలై 15 దాకా గడువూ ఇచ్చారు. రేపు చూద్దాంలే అనుకున్నవాళ్ళకి ఏళ్ళతరబడి పోగేసిన జాబితా పోయింది. రోజూ రాసేవాళ్ళ పేర్లు ఎలాగూ గుర్తుంటాయి. ఏడాదికి రెండు టపాలు రాసి ఊరుకునేవాళ్ళే చేజారిపోతారు. అలాంటివాళ్ళ కోసమే కదే ఫీడు పెట్టుకునేది!

అందుకని బద్ధకించకుండా ప్రతి నెలా ఒకటో తారీఖున సెట్టింగుల్లోకి వెళ్ళి ఓపీఎమ్ఎల్ (నీ ఫీడ్ల జాబితా ఉండే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు: బ్లాగుకో వరస, అందులో ఎక్స్ఎమ్ఎల్‌యూఆర్ఎల్ అన్నదాని పక్కన ఫీడు చిరునామా. దాదాపు ఏ రీడరైనా దాన్ని తీసుకుంటుంది. ఒకసారి వేరే రీడర్లోకి ఎక్కించి లెక్క సరిపోయిందో లేదో చూసుకో. నక్షత్రం పెట్టి దాచుకున్న టపాలు మాత్రం అందులోకి రావు. మరీ ఇష్టమైనవి పీడీఎఫ్‌గా విడిగా దాచుకో.

మొదట పదిహేను బ్లాగులు చాలు. వార్తాపత్రికల ఫీడ్లు ఇప్పుడే కలపకు, వాటి వరదలో ఆ ఏడాదికి రెండు రాసేవాళ్ళు కొట్టుకుపోతారు. కలపాలనే ఉంటే వేరే ఫోల్డర్లో పెట్టు.

మొదటి ఓపీఎమ్ఎల్ ఫైలు దించగానే నాకూ ఒకటి పంపు. నా దగ్గరా ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ