30 రోజుల నోటీసు ఎందుకు?

ప్రశ్న: నేను హిందువును, అతను క్రైస్తవుడు. ఎవరమూ మతం మారకుండా స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. రెండో పెళ్లి మోసాలు బయటపడాలంటే 30 రోజుల నోటీసు ఉండాల్సిందేనని మా బాబాయి, ఎత్తేయాలని స్నేహితులు అంటున్నారు. ఇంట్లోవాళ్లు అడ్డుపడితే పెళ్లి ఆగిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆగదు. పెళ్లి చేసుకోబోతున్నామని మీరిచ్చే నోటీసును మ్యారేజ్ ఆఫీసరు ఆఫీసులో అంటిస్తారు, 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరానికి 4వ సెక్షన్‌లోని కారణాలే చెల్లుతాయి: ఇద్దరిలో ఒకరికి ఇదివరకే భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం (పెళ్లి కూడదని చట్టం పట్టికలో పెట్టిన దగ్గరి చుట్టరికం). కులం, మతం, కన్నవాళ్ల అయిష్టం అందులో లేవు. (మేనరికం మాత్రం ఆ నిషిద్ధ పట్టికలో ఉంది! రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఆచారమైతేనే మినహాయింపు. ఇక్కడ మన ఇళ్ల కన్నా చట్టమే కఠినం.)

మీ ఇంట్లో నడుస్తున్న వాదన పాతదే. 1872లో బ్రహ్మసమాజం అనే సంస్కరణ సంఘం కోసం దాని నాయకుడు కేశవచంద్ర సేన్ పట్టుబట్టి తెప్పించిన చట్టం కింద పెళ్లాడాలంటే, ‘నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ని కాను’ అంటూ రాసివ్వాలి. సనాతనుల ఒత్తిడికి తలొగ్గి పెట్టిన షరతు అది. 1954లో వచ్చిన ఇప్పటి స్పెషల్ మ్యారేజ్ చట్టంతో ఆ అవసరం పూర్తిగా పోయింది. కానీ పాత చట్టంలో 14 రోజులున్న గడువు 30 అయింది. తలుపు తెరిచి, గుమ్మంలో ఎక్కువసేపు నిలబెట్టారన్నమాట. రెండో పెళ్లి మోసాలు బయటపడతాయన్న మీ బాబాయి మాటలో నిజముంది. అయినా మేజర్లయిన ఇద్దరి పేర్లూ చిరునామాలూ గోడకు అంటించడం, ఆ మోసాన్ని పట్టడం కన్నా వాళ్లను వెంటాడేవాళ్లకే ఎక్కువ ఉపయోగపడుతోందని మా అభిప్రాయం. ప్రకటించాలో వద్దో జంట ఇష్టమని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రాల్లో ఆఫీసులను కట్టడి చేయదు కాబట్టి, నోటీసు పడుతుందనుకొనే సిద్ధం కండి.

మీలో ఒకరు నోటీసు ఇచ్చేనాటికి కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో నివసిస్తూ ఉండాలి. సబ్ రిజిస్ట్రార్లే మ్యారేజ్ ఆఫీసర్లు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: హైదరాబాద్‌లో ఉంటున్నాం, ఊళ్లో తెలియదులే అనుకుంటారు. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు ప్రతి అక్కడికీ వెళ్తుంది, అక్కడి బోర్డు మీదా పడుతుంది. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోండి.

అభ్యంతరం వస్తే ఆఫీసరు 30 రోజుల్లో విచారించి తేల్చాలి. అభ్యంతరాన్ని ఆయన ఒప్పుకుని పెళ్లి నిరాకరిస్తే మీరు 30 రోజుల్లో జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. దురుద్దేశంతో వేసిందని తేలితే వేసినవాళ్లకు రూ. 1,000 వరకు ఖర్చులు పడతాయి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి కాకపోతే అది రద్దయి, మళ్లీ మొదటి నుంచి మొదలు. బెదిరింపులుంటే ముందే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇలాంటి జంటల రక్షణకు జిల్లాకొక ప్రత్యేక విభాగం ఉండాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇంకొకటి. హిందువు కానివారిని ఈ చట్టం కింద పెళ్లాడితే, మీరు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు 19వ సెక్షన్ లెక్కిస్తుంది. వాటా పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి, హక్కు మీదే.

పెళ్లి రోజు ముగ్గురు సాక్షులను వెంట తీసుకెళ్లండి. వాళ్ల ఎదుట, ఆఫీసరు ఎదుట ఒకరితో ఒకరు ‘నిన్ను చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను’, ‘భార్యగా స్వీకరిస్తున్నాను’ అని చెప్పాలి. అది ఇంగ్లిషులోనే ఉండాలని లేదు, తెలుగులోనే చెప్పండి.