సబ్‌వూఫర్ మోత వచ్చి పోతూ ఉంటే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుండి మామయ్య ఆశీస్సులు. డిక్కీలో పెట్టించిన సబ్‌వూఫర్, అదే బేస్ మోత పలికించే పెద్ద స్పీకరు, కాసేపు గట్టిగా మోగి, ఉన్నట్టుండి నీరసపడిపోతోందనీ, కాసేపటికి మళ్ళీ దానంతటదే బాగైపోతోందనీ, చిత్తూరులో చూపిస్తే దానికి బలమిచ్చే ఆంప్లిఫయరు మార్చాలన్నారనీ రాశావు. తొందరపడి కొత్తది కొనవద్దు. ఆంప్లిఫయరు నిజంగా కాలిపోయి ఉంటే అది మళ్ళీ మోగేదే కాదు. ఇలా వచ్చి పోతోందంటే చాలావరకు ఎక్కడో ఒక అతుకు వదులై ఉండాలి, లేదా ఏదో అతిగా వేడెక్కుతూ ఉండాలి, లేదా బేస్ గట్టిగా కొట్టే సమయానికి కరెంటు చాలకపోవాలి. వీటిలో ఏదో తేలకుండా సామాను మార్చడం డబ్బు పారబోసుకోవడమే.

నా దగ్గరకు ఇలాంటి బండి వస్తే స్క్రూడ్రైవరు పట్టుకోకముందే నేను అడిగేది, మోత ఎప్పుడు తగ్గుతోందని. నువ్వూ ముందు అది గమనించు. స్పీడు బ్రేకరు ఎక్కి దిగినప్పుడో, మలుపు తిరిగినప్పుడో పోతూ ఉంటే అది వదులు వైరు. చాలాసేపు మోగిన తరువాత తగ్గి, కాసేపు ఆపితే కోలుకుంటే అది వేడి. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేసినప్పుడే తగ్గితే వోల్టేజీ చూడాలి. ఫోను నుండి బ్లూటూత్‌లో వింటేనే తగ్గి, పెన్‌డ్రైవులో బాగుంటే వైర్ల జోలికి పోనక్కరలేదు, ఫోనులోని ఈక్వలైజరు చూసుకుంటే చాలు. గమనించడానికి పక్కన ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో, నడుపుతూ చెవి అటు పెట్టవద్దు. మలుపుల పరీక్షకు భాకరాపేట ఘాటు వంటి దారి కూడా వద్దు, తిరుమల కొండ దారి అంతకన్నా వద్దు. ఊరి బయట గుంతలున్న ఖాళీ రోడ్డు చాలు.

వాల్యూము పెంచిన కొద్దీ మిగతా స్పీకర్లు పెరుగుతూ బేస్ మాత్రం తగ్గుతోందా అన్నది కూడా చూడు. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన స్టీరియోల్లో కొన్ని, తమ చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా కాపాడుకోవడానికి, వాల్యూము ఒక స్థాయి దాటగానే బేస్‌ను అవే కోసేస్తాయి. నీ ఆంప్లిఫయరుకు సిగ్నల్ ఆ స్పీకరు వైర్ల నుండే తీసి ఉంటే, ఆ కోత నీ సబ్‌వూఫర్ మీదా పడుతుంది. అది రిపేరు కాదు, స్టీరియో స్వభావం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇలాంటి ఫిర్యాదుల్లో నేను అందరికన్నా ముందు అనుమానించేది బాడీ ఎర్తును. ఆంప్లిఫయరు నుండి వచ్చే నల్ల వైరును డిక్కీలో బాడీకి ఏదో ఒక బోల్టు కింద బిగించి ఉంటారు. బ్యాటరీ నెగటివ్‌ను పది నంబరు స్పానరుతో ముందుగా విప్పి పక్కకు పెట్టి, ఆ తరువాత ఆ బోల్టును విప్పి చూడు. లగ్గు (వైరు కొనకు ఉండే లోహపు రింగు) కింద కారు రంగు అలాగే మెరుస్తూ, మధ్యలో బోల్టు మరలు ఒరుసుకున్న చోట మాత్రమే సన్నని ఇనుప గీత కనబడితే, నీ ఆంప్లిఫయరుకు కావలసిన కరెంటంతా ఇన్నాళ్ళూ ఆ గీత గుండానే పోతోందన్నమాట. నెమ్మదిగా పాడుతున్నంతసేపు అది సరిపోతుంది. బేస్ కొట్టగానే చాలదు. లగ్గు పట్టేంత మేర రంగును ఎమరీ పేపరుతో తెల్లని ఇనుము కనబడే దాకా గీకి, పళ్ళున్న వాషరు వేసి గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు పూయి. సీటు బెల్టు బోల్టు కింద మాత్రం ఎప్పుడూ ఎర్తు ఇవ్వవద్దు, అది ప్రాణాలు నిలిపే బోల్టు. ఎర్తు వైరు పాజిటివ్ వైరంత లావుగానూ, వీలైతే మూర పొడవుకు మించకుండానూ ఉండాలి.

అది బాగుపడిందో లేదో కంటితో తెలియదు, మల్టీమీటరు కావాలి. బ్యాటరీని మళ్ళీ కలిపి, ఇంజను స్టార్టు చేసి, మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దాకా, నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుండి 14.4 దాకా కనబడాలి. కొత్త కార్లు కొన్నింటిలో ఇంధనం పొదుపు కోసం ఆల్టర్నేటరే వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కనుక, అక్కడ కాస్త తక్కువ కనబడినా కంగారు పడవద్దు. ఇప్పుడు 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ (ఒకే తీరుగా సాగే బేస్ మోత) పెట్టి, ఆంప్లిఫయరు పాజిటివ్, ఎర్తు టెర్మినళ్ళ మధ్య కొలువు. బ్యాటరీ దగ్గర 13.8 నిలిచి ఉండగా ఇక్కడ 11.5కు పడిపోతుంటే, మిగిలినదంతా దారిలో వైరు తినేస్తోంది. ఏ వైరు తింటోందో తెలియాలంటే పొడవాటి తీగ ఒకటి తీసుకుని, బ్యాటరీ నెగటివ్‌కూ ఆంప్లిఫయరు ఎర్తు టెర్మినల్‌కూ మధ్య కొలిచి, తరువాత పాజిటివ్ వైపు కూడా అలాగే కొలువు. బేస్ మోగుతుండగా ఎర్తు వైపు 0.2 వోల్టులు దాటితే ఆ వైపు పని ఇంకా మిగిలే ఉంది.

పాజిటివ్ వైపు ఎక్కువ పోతుంటే బ్యాటరీ పక్కనున్న ఫ్యూజు డబ్బా విప్పు. ఫ్యూజు తెగకపోయినా, దాన్ని పట్టుకునే క్లిప్పులు వదులై వేడెక్కి ప్లాస్టిక్కు కరగడం, ముఖ్యంగా గాజు ఫ్యూజుల్లో, తరచుగా చూస్తుంటాను. వైరు కొనను కూడా గీకి చూడు. పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు కనబడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అటువంటి వైరుకు అదే లావున్న అసలు రాగి వైరంత కరెంటును మోసే శక్తి లేదు.

కరెంటు సరిగానే ఉందని తేలితే సిగ్నల్ వైపు చూడు. డ్యాష్‌బోర్డు కింద బేస్ నాబ్ ఉంటే, వాల్యూము తగ్గించి, ఆంప్లిఫయరు దగ్గర దాని జాక్‌ను తీసివేసి నడిపి చూడు. చాలా ఆంప్లిఫయర్లు నాబ్ లేకపోయినా మామూలుగా మోగుతాయి. అప్పుడు మోత నిలకడగా ఉంటే దోషం ఆ నాబ్‌దే, లోపల దుమ్ము చేరి ఉంటుంది. స్టీరియో నుండి ఆంప్లిఫయరుకు సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లను పాట మోగుతుండగా ఒక్కొక్కటిగా మెల్లగా కదిపి చూడు. రెండూ ఒకేసారి కదిపితే ఏది దొంగో తెలియదు.

తరువాత సబ్‌వూఫర్. ఆంప్లిఫయరు ఆపి, స్పీకరు వైర్లు రెండూ విప్పి ఓమ్స్‌లో కొలువు. 4 ఓముల కాయిలు (సబ్‌వూఫర్ లోపలి తీగ చుట్ట) సాధారణంగా 3కు పైన, 4కు లోపల చూపిస్తుంది. అలా మీటరు పెట్టి ఉంచి, రెండు అరచేతులతో కోన్‌ను (ముందు కదిలే గుండ్రటి పొరను) సమంగా, మెత్తగా లోపలికి నొక్కు. అంకె ఎగిరెగిరి పడితే, టెర్మినల్ నుండి కోన్‌కు వెళ్ళే అల్లిక తీగ లోపల తెగుతూ అతుకుతూ ఉందని అర్థం. రెండు కాయిళ్ళ సబ్‌వూఫర్ అయితే దేనికదే కొలవాలి.

వేడి సంగతి మన ప్రాంతంలో తేలికగా తీసుకోకూడదు. మే నెలలో ఎండకు నిలిపిన కారు లోపల మనమే కూర్చోలేము, సీటు కింద కార్పెట్టు కప్పిన ఆంప్లిఫయరు ఎలా ఓర్చుకుంటుంది? దాని చుట్టూ గాలి ఆడే సందు వదులు. బాక్సు మీదనే బిగించి ఉంటే అక్కడి నుండి తీయించు, ఆ అదురుకు లోపలి సోల్డరు అతుకులు వదులవుతాయి. మోత తగ్గినందుకు ఆంప్లిఫయరు మీద సిగ్నల్‌ను పెంచే గెయిన్ మర తిప్పి సరిపెట్టుకోవడం మాత్రం అస్సలు వద్దు అల్లుడూ. వదులైన వైరు ఏ క్షణాన మళ్ళీ అతుక్కుంటుందో, ఆ క్షణాన ఆ దెబ్బంతా కాయిలు మీదనే పడుతుంది.

కొలిచిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుని నాకు ఫోనులో చెప్పు. టెర్మినళ్ళ దగ్గర వోల్టేజీ నిలబడి, ఎర్తూ సిగ్నలూ కాయిలూ సరిగా ఉండి కూడా మోత తగ్గుతూనే ఉంటే, అప్పుడు బండి తిరుపతికి తీసుకురా, ఆంప్లిఫయరు మూత నేనే విప్పి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య